దిగులుకూ పాదాల తిమ్మిరికీ ఏ సప్లిమెంట్ వాడాలి?

మీ ప్రశ్నలోని వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, ఎందుకంటే సమాధానంలో సగం వాటిలోనే ఉంది. మీ వయసు 34 ఏళ్లు. మొదటి నుంచీ శాకాహారులు. పాలు, పెరుగు కూడా మానేసి నాలుగేళ్లయింది. కడుపులో మంటకు మూడేళ్లుగా ఒమెప్రజోల్ వేసుకుంటున్నారు, గర్భనిరోధక మాత్రలూ వాడుతున్నారు. ఎనిమిది నెలలుగా మనసు దిగులుగా ఉంటోంది, పని మీద ధ్యాస నిలవడం లేదు, సాయంత్రానికి కారణం తెలియని ఆందోళన కమ్ముకుంటోంది, నిద్ర పట్టినా నడిరాత్రి మెలకువ వస్తోంది. ఆరు నెలల కిందట "నరాల బలానికి" అన్న సీసా ఒకటి మొదలుపెట్టారు. తర్వాత "ఒత్తిడి తగ్గడానికి" ఒకటి, జుట్టు కోసం ఒకటి, మెగ్నీషియం ఒకటి వచ్చి చేరాయి. రెండు నెలల నుంచి పాదాల్లో తిమ్మిరి, సూదులు గుచ్చినట్లుండటం మొదలైంది. ఇప్పుడు ఐదోదిగా సెయింట్ జాన్స్ వోర్ట్ చేర్చుకోవచ్చా, సహజమైన మూలికే కదా, మానసిక వైద్యుల మందుల దాకా వెళ్లకుండా దీనితోనే బయటపడవచ్చా అని అడిగారు.

చేర్చుకోవద్దు. మీ పరిస్థితిలో అది ప్రమాదకరం కూడా. ఎందుకో కింద వివరంగా రాస్తాను. నేను ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం నాడీ వ్యాధుల విభాగం, మానసిక వైద్య విభాగం పంపించిన రోగులతోనే గడిచింది. మీలాగా నాలుగైదు సీసాలు సంచిలో వేసుకుని వచ్చేవారిని వారానికి ఒకరినైనా చూస్తాను. వారందరికీ చెప్పేదే మీకూ చెబుతాను. పోషకం లోటు ఉన్నచోట మందులా పనిచేస్తుంది. లోటు లేనిచోట చాలావరకు వృథాగా పోతుంది, కొన్నిసార్లు హాని చేస్తుంది. మూలికల సంగతి వేరు. అవి నిజంగా పనిచేసేవైతే మందులాగే పనిచేస్తాయి, మందులాగే తక్కిన మందులతో పేచీ పెట్టుకుంటాయి. కాబట్టి ఏది వేసుకోవాలన్న ప్రశ్న కంటే ముందు ఏది తక్కువైందన్న ప్రశ్న రావాలి.

మీ వివరాలు చదవగానే నాకు అనుమానం వచ్చింది విటమిన్ బి12 మీద. జంతు సంబంధమైన ఆహారంలో తప్ప ఇది సహజంగా నమ్మదగ్గ పరిమాణంలో దొరకదు. ఆహారంలో ప్రొటీనును అంటిపెట్టుకుని ఉండే బి12ను విడదీయడానికి కడుపులో ఆమ్లం, పెప్సిన్ ఉండాలి. అలా విడివడిన బి12ను, కడుపు గోడలోని కణాలు విడుదల చేసే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీను పట్టుకుని చిన్నపేగు చివరి భాగం వరకు తీసుకువెళితే, అక్కడ అది ఒంట్లోకి చేరుతుంది. ఒమెప్రజోల్ ఆమ్లాన్ని తగ్గించి ఈ దారిలో మొదటి మెట్టునే బలహీనపరుస్తుంది. మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బి12 తగ్గుతుంది. పెద్దవారికి రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములే, కాలేయంలో కొన్నేళ్లకు సరిపడే నిల్వ ఉంటుంది కూడా. అందువల్లే ఈ లోటు చప్పుడు చేయకుండా, తిండి మారిన చాలాకాలానికి బయటపడుతుంది. పాలు మానేసి నాలుగేళ్లు, ఒమెప్రజోల్ మూడేళ్లు అన్న మీ లెక్క దగ్గర నేను ఆగిపోయింది ఇందుకే.

నరాల పోగుల చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది. కరెంటు తీగకు తొడుగు ఎలాంటిదో నరానికి అది అలాంటిది. బి12 కరువైతే ఆ పొర చెడుతుంది. పాదం ఎక్కడుంది, కీలు ఎంత వంగింది అన్న కబురును మెదడుకు చేరవేసే దారులు వెన్నుపాము వెనుక భాగంలో ఉంటాయి, ముందుగా దెబ్బతినేది తరచుగా అవే. కళ్లు తెరిచి ఉన్నంతసేపూ చూపు ఆ లోటును పూడుస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. అందుకే నేను రోగులను ఒక మాట తప్పకుండా అడుగుతాను: వాష్‌బేసిన్ ముందు నిలబడి, కళ్లు మూసుకుని ముఖం మీద నీళ్లు చల్లుకునేటప్పుడు ఒళ్లు తూలుతోందా, ఒక చెయ్యి తనంతట తానే బేసిన్ అంచును పట్టుకుంటోందా? "అవునండీ, ఈమధ్య గోడకు ఆనుకుని కడుక్కుంటున్నాను" అన్నవారిని నేను ఆహారపు పట్టిక రాసి ఇంటికి పంపను, అదే రోజు నాడీ వైద్యులకు చూపిస్తాను. మీరూ ఇది గమనించండి, కాకపోతే పక్కన ఎవరైనా ఉన్నప్పుడు.

బి12 తగ్గితే రక్తహీనత వస్తుంది కదా, నా హిమోగ్లోబిన్ బాగానే ఉంది కదా అనుకుంటారేమో. ఆ భరోసా పెట్టుకోవద్దు. బి12 లోపం వల్ల నాడీ, మానసిక లక్షణాలు వచ్చిన 141 మందిని పరిశీలించి 1988లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 40 మందికి రక్తహీనత గానీ, ఎర్రకణాలు పెద్దవి కావడం గానీ లేదు. అంటే నూటికి 28 మందిలో రక్తపరీక్ష కాగితం మామూలుగానే కనిపిస్తుండగా నరాలు, మనసు దెబ్బతిన్నాయి. దీనికి తోడు ఫోలిక్ ఆమ్లం ఎక్కువగా తీసుకుంటే రక్తహీనత సర్దుకుంటుంది, నరాల నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. మీ "నరాల బలం" సీసాలో ఫోలిక్ ఆమ్లం దండిగా ఉంది, బి12 మాత్రం 5 మైక్రోగ్రాములే ఉంది. ఇలాంటి కూర్పు మీలాంటివారికి ఏమాత్రం తగినది కాదు.

రక్తంలో బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపమనీ, 200 నుంచి 300 మధ్య ఉంటే సందేహమనీ సాధారణంగా లెక్కిస్తారు. సందేహం ఉన్నప్పుడు మిథైల్ మలోనిక్ ఆమ్లం పరీక్ష చేయించమని అడగండి. కణాల లోపల బి12 చాలకపోతే అది పెరుగుతుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోయినా అది పెరుగుతుంది కాబట్టి క్రియాటినిన్ కూడా చూడాలి. ఆరు నెలలుగా కొద్దిపాటి బి12 మీ ఒంట్లోకి వెళుతూనే ఉందన్న సంగతి వైద్యులకు తప్పక చెప్పండి, లేకపోతే అంకె ఒక మోస్తరుగా కనిపించి అందరినీ తప్పుదారి పట్టించవచ్చు. లోపం తేలి, తిమ్మిరి వంటి నరాల లక్షణాలు కూడా ఉంటే సాధారణంగా సూదిమందుతోనే మొదలుపెడతారు. నరాల లక్షణాలు లేనివారికి రోజూ 1000 మైక్రోగ్రాముల మాత్ర సరిపోతుంది. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ సాయం లేకుండానే ఆ మోతాదులో నూటికి ఒక వంతు పేగు గోడ గుండా లోపలికి పోతుంది, ఆ ఒక్క వంతే రోజు అవసరానికి మించి ఉంటుంది. రక్తం వారాల్లో కోలుకుంటుంది, నరాలకు నెలలు పడుతుంది. ఆలస్యమైనకొద్దీ పూర్తిగా కోలుకునే అవకాశం తగ్గుతుంది కాబట్టి ఈ పరీక్షను వచ్చే నెలకు వాయిదా వేయవద్దు.

ఇంతవరకూ చదివి, తిమ్మిరికి బి12 లోటే కారణమని నిర్ణయించుకోకండి. దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకొక అనుమానం ఉంది, అది మీ సీసాల్లోనే ఉంది. తిమ్మిరి మొదలైంది రెండు నెలల కిందట. నరాల బలానికని మాత్రలు మొదలైంది ఆరు నెలల కిందట. మీరు రాసిన లేబుళ్లను నేను ఒక కాగితం మీద వరుసగా రాసుకున్నాను. మొదటి సీసా మీద "పిరిడాక్సిన్ హైడ్రోక్లోరైడ్" 100 మిల్లీగ్రాములు. రెండో దాని మీద "పిరిడాక్సాల్ 5 ఫాస్ఫేట్" 25 మిల్లీగ్రాములు. జుట్టు మాత్రల మీద "విటమిన్ బి6" 10 మిల్లీగ్రాములు. ఈ మూడు పేర్లూ ఒకే విటమిన్‌వి. కలిపితే రోజుకు 135 మిల్లీగ్రాములు. మీ వయసు వారికి రోజుకు కావలసింది 1.3 మిల్లీగ్రాములు.

బి6 అవసరమైనదే. మెదడులో సెరటోనిన్, డోపమైన్, గాబా అనే, నరాల మధ్య కబుర్లు మోసే రసాయనాలు తయారు కావడానికి అది ఉండి తీరాలి, దాన్ని మానసిక ఆరోగ్యపు మాత్రల్లో చాలావాటిలో చేర్చడానికి కారణం అదే. కానీ అతిగా చేరితే ఇదే విటమిన్ స్పర్శను మోసే నరాలను దెబ్బతీస్తుంది. రోజూ గ్రాముల లెక్కన మింగి నడవలేని స్థితికి వచ్చిన ఏడుగురి గురించి 1983లో వైద్యులు రాసినప్పుడు ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా తెలిసింది. తర్వాత అంతకంటే చాలా తక్కువ మోతాదుల్లోనూ కొందరికి ఇలా జరిగినట్లు బయటపడింది. అమెరికాలో గరిష్ఠ పరిమితి ఇప్పటికీ 100 మిల్లీగ్రాములే ఉండగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దాన్ని 12 మిల్లీగ్రాములకు తగ్గించింది. మీరు ఈ రెండు పరిమితులనూ దాటేశారు.

నాకు బాగా గుర్తున్న ఒక పెద్దాయన ఇలాగే పాదాల మంటతో వచ్చారు. తిమ్మిరి పెరిగినప్పుడల్లా నరాల మాత్ర ఇంకొకటి ఎక్కువ వేసుకునేవారు, అది ఇంకా పెరిగేది. మధుమేహం లేదు, బి12 బాగానే ఉంది, ఎక్కడా కారణం దొరకలేదు. ఆయన భార్య సంచిలోంచి సీసాలు తీసి బల్ల మీద పెడుతుంటే నేను ఒక్కొక్క దాని వెనుక సన్నటి అక్షరాలు చదివి కూడాను, మొత్తం 170 మిల్లీగ్రాములు వచ్చింది. "బలానికే కదమ్మా వేసుకున్నాను" అన్నారు ఆయన, నమ్మలేనట్లుగా. మాత్రలన్నీ ఆపించాం. ఆపిన తర్వాత కూడా కొన్ని వారాల పాటు లక్షణాలు కొంచెం పెరగవచ్చని ముందే చెప్పాను, అలాగే పెరిగాయి కూడా. ఈ సంగతి తెలియకపోతే మనిషి బెదిరి మళ్లీ మాత్రల దగ్గరికే వెళతాడు. తిమ్మిరి మోకాళ్ల నుంచి చీలమండల దాకా దిగడానికి ఏడెనిమిది నెలలు పట్టింది.

అందువల్ల మీ తిమ్మిరికి బి12 తక్కువ కావడం కారణం కావచ్చు, బి6 ఎక్కువ కావడం కారణం కావచ్చు, రెండూ కలిసి ఉండనూ వచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే రక్తంలో బి6 స్థాయిని కూడా చూడమని అడగండి, రక్తం ఇచ్చిన మరుక్షణం నుంచి బి6 ఉన్న సీసా ఏదీ ముట్టకండి (వాటిలో జుట్టు మాత్రనూ ఒత్తిడి మాత్రనూ ఇంకా ముందే ఆపాలి, ఎందుకో కింద చెబుతాను). చక్కెర పరీక్ష, థైరాయిడ్ పరీక్ష కూడా అదే రోజు చేయించండి, ఎందుకంటే తిమ్మిరికీ దిగులుకూ అవి కూడా కారణమవుతాయి.

థైరాయిడ్ అన్నాను కాబట్టి జుట్టు మాత్రల గురించి ఒక హెచ్చరిక. వాటిలో బయోటిన్ 10 మిల్లీగ్రాములు ఉందని రాశారు. మనిషికి రోజుకు సరిపోయేది 30 మైక్రోగ్రాములు, అంటే ఇది మూడువందల రెట్లకు పైనే. బయోటిన్ ఇంత ఎక్కువైతే విషమేమీ కాదు, కానీ రక్తపరీక్ష యంత్రాలను మోసగిస్తుంది. చాలా ప్రయోగశాలల్లో థైరాయిడ్ పరీక్ష చేసే పద్ధతిలో బయోటిన్‌నే ఒక పనిముట్టుగా వాడతారు. రక్తంలో అది మితిమీరి ఉంటే, థైరాయిడ్ మందగించినప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను ఉన్నదానికంటే తక్కువగా, థైరాయిడ్ హార్మోను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. నిజంగా థైరాయిడ్ మందగించి, దానివల్లే దిగులు పట్టిన మనిషికి మామూలుగా ఉందన్న ఫలితం రావచ్చు. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది. పరీక్షకు కనీసం మూడు రోజుల ముందే జుట్టు మాత్ర ఆపండి, ఆపిన సంగతి పరీక్ష రాసే వైద్యులకు చెప్పండి.

ఇనుము గురించి కొంచెం. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా నిల్వలను తెలిపే ఫెర్రిటిన్ కూడా చూడాలి. రక్తహీనత లేకపోయినా ఫెర్రిటిన్ 50 కంటే తక్కువగా ఉండి, ఎప్పుడూ నీరసంగా ఉండే 198 మంది మహిళలపై జరిగి 2012లో వెలువడిన ప్రయోగంలో, పన్నెండు వారాల ఇనుముతో నీరసం డమ్మీ మాత్ర (మందు లేని ఉత్తి మాత్ర) కంటే స్పష్టంగా తగ్గింది. అయితే దిగులులోనూ ఆందోళనలోనూ తేడా రాలేదు. ఈ రెండో వాక్యాన్ని ప్రకటనలు ఎప్పుడూ చెప్పవు. మీకు నీరసం ఉంటే, ఫెర్రిటిన్ తక్కువైతే ఇనుము నీరసానికి పనికొస్తుంది. దిగులుకు దాని మీద ఆశ పెట్టుకోకండి. పరీక్ష లేకుండా ఇనుము మొదలుపెట్టడం మాత్రం తప్పు, ఎందుకంటే అదనపు ఇనుమును బయటికి పంపే దారి మన ఒంటికి లేదు.

మెగ్నీషియం విషయంలో నాకు పెద్ద అభ్యంతరం లేదు. స్వల్ప, మధ్యస్థాయి కుంగుబాటు ఉన్న 126 మందితో జరిపి 2017లో ప్రచురించిన ప్రయోగంలో రోజుకు 248 మిల్లీగ్రాములు తీసుకున్న ఆరు వారాల్లో కుంగుబాటు, ఆందోళన రెండూ తగ్గాయి. కానీ అందులో ఎవరు ఏం తీసుకుంటున్నారో అందరికీ తెలుసు, పోల్చడానికి డమ్మీ మాత్ర లేదు. ఏదో చేస్తున్నామన్న ఊరట ఎంత, మెగ్నీషియం ఎంత అని విడదీసి చెప్పలేం. మూత్రపిండాలు బాగున్నవారు రోజుకు 350 మిల్లీగ్రాములు మించకుండా మాత్ర వేసుకోవచ్చు. మీకైతే ఇంకొక కారణం ఉంది: ఒమెప్రజోల్ వంటి మందులు దీర్ఘకాలం వాడితే కొందరిలో మెగ్నీషియం పడిపోతుంది. విరేచనాలు అవుతుంటే ఆక్సైడు రూపం మాని గ్లైసినేట్‌కు మారండి. ఒమెప్రజోల్ ఇంకా అవసరమా అన్నది కూడా వైద్యులను అడగవలసిన ప్రశ్న. మూడేళ్ల కిందట కొద్దికాలానికని రాసిన మందు అలాగే కొనసాగిపోవడం నేను చాలా చూశాను.

విటమిన్ డి, చేపనూనె గురించి మీరు అడగలేదు, కానీ తర్వాత అడుగుతారు. యాభై ఏళ్లు, ఆపైన వయసున్న 18,353 మందికి సుమారు అయిదేళ్ల పాటు రోజుకు 2000 యూనిట్ల విటమిన్ డి, లేదా డమ్మీ మాత్ర ఇచ్చి చూసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. కుంగుబాటు రావడంలో తేడా లేదు. అదే పరిశోధనలో భాగంగా రోజుకు ఒక గ్రాము చేపనూనెను పరీక్షిస్తే అది కూడా కుంగుబాటును నివారించలేదు. నాలుగు ఐరోపా దేశాల్లో, బరువు ఎక్కువగా ఉండి దిగులు లక్షణాలు కొద్దిగా ఉన్న 1025 మందికి ఒమెగా 3 (చేపనూనెలోని ముఖ్యమైన కొవ్వు), సెలీనియం, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ డి కలిపి ఏడాది పాటు ఇచ్చి చూసిన ప్రయోగం 2019లో వెలువడింది. అక్కడా అంతే. ఈ ఫలితాలు నన్ను నిరుత్సాహపరచలేదు. వీరిలో ఎక్కువమందికి ఆ పోషకాల లోటు పెద్దగా లేదు. నిండిన కుండలో పోసిన నీరు ఒలికిపోయింది.

అయితే ఇప్పటికే కుంగుబాటు ఉండి, దానికి మందులు వాడుతున్నవారికి అదనపు తోడుగా ఒమెగా 3 కొంత సాయం చేస్తుందనడానికి ఆధారాలున్నాయి. అందులో ఈపీఏ అనే భాగం ప్రధానం. మొత్తంలో అది అరవై శాతం, అంతకు మించి ఉండి, రోజుకు ఒకటి రెండు గ్రాములు అందినప్పుడే ఫలితం కనిపించింది. సీసా ముందు భాగంలో పెద్ద అక్షరాల్లో ఉండే 1000 మిల్లీగ్రాములు నూనె బరువు, ఈపీఏ బరువు కాదు. వెనక్కి తిప్పి చూస్తే తరచుగా 180 అని ఉంటుంది. మీరు చేప తినరు కాబట్టి నాచు నుంచి తీసిన నూనె వాడవచ్చు. అవిసె గింజలు మంచివే, కానీ వాటిలోని ఒమెగా 3లో ఈపీఏగా మారేది కొద్ది భాగమే. రోజుకు నాలుగు గ్రాముల వంటి పెద్ద మోతాదుల్లో గుండె లయ తప్పే ప్రమాదం కొంత పెరుగుతుంది కాబట్టి ఎక్కువైతే ఇంకా మంచిదన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇక సెయింట్ జాన్స్ వోర్ట్. దాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. 29 ప్రయోగాలను, 5489 మంది రోగులను కలిపి పరిశీలించిన 2008 నాటి కాక్రేన్ అనే పరిశోధనా సంస్థ సమీక్షలో అది డమ్మీ మాత్ర కంటే మెరుగ్గా, మామూలు కుంగుబాటు మందులతో దాదాపు సమానంగా పనిచేసిందని తేలింది. అంటే ఇది నిజమైన మందు. కాలేయంలో మందులను విరిచి బయటికి పంపే ఎంజైములు ఉంటాయి. వాటిలో అతి ముఖ్యమైన సీవైపీ3ఏ4 ఈ మూలికతో బాగా చురుకెక్కుతుంది. అప్పుడు మీరు వేసుకునే ఇతర మందులు తమ పని పూర్తి చేయకముందే ఒంట్లోంచి వెళ్లిపోతాయి. గర్భనిరోధక మాత్రల హార్మోన్లు విరిగేది అక్కడే. ఈ మూలిక మొదలుపెడితే మాత్ర వేసుకుంటూనే గర్భం దాల్చే అవకాశం ఉంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారిలో, తిరస్కరణను ఆపడానికి ఇచ్చే సైక్లోస్పోరిన్ అనే మందు స్థాయి పడిపోయి, పెట్టిన అవయవాన్ని ఒళ్లు తిరస్కరించడం మొదలైన ఉదంతాలు 2000లోనే వైద్య పత్రికల్లో వచ్చాయి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, గుండెకు వాడే డిగాక్సిన్, ఎయిడ్స్ మందులు కూడా ఈ మూలికతో పనితనం తగ్గే మందుల పట్టికలో ఉన్నాయి.

మీ విషయంలో రెండో అడ్డంకి "ఒత్తిడి తగ్గడానికి" అన్న సీసా. దాని మీద అశ్వగంధతో పాటు 5 హెచ్‌టీపీ ఉందని రాశారు. అది మెదడులో నేరుగా సెరటోనిన్‌గా మారే పదార్థం, సెయింట్ జాన్స్ వోర్ట్ కూడా సెరటోనిన్‌ను పెంచేదే. రెండూ కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు: విపరీతమైన చెమట, వణుకు, గుండెదడ, కండరాలు ఎగిరిపడటం, జ్వరం, అయోమయం. ఇది అత్యవసర పరిస్థితి. రేపు వైద్యులు మీకు ఎస్ఎస్ఆర్ఐ రకం (సెరటోనిన్‌ను పెంచే కుంగుబాటు మందు) మందు రాస్తే, ఈ సీసా అలాగే కొనసాగితే, అప్పుడూ ఇదే ప్రమాదం. కాబట్టి వైద్యుల దగ్గరికి వెళ్లే ముందే దాన్ని ఆపండి, వాడినట్లు వారికి చెప్పండి. సహజమైన పదార్థమైతే తయారీ కూడా శుభ్రంగా ఉంటుందని అనుకోవడానికీ లేదు. 1989లో, సెరటోనిన్‌కు ముడిసరుకైన ఎల్ ట్రిప్టోఫాన్ మాత్రలు వాడిన వెయ్యిమందికి పైగా అమెరికాలో తీవ్రమైన కండరాల నొప్పుల జబ్బుతో మంచాన పడ్డారు, ముప్పైమందికి పైగా చనిపోయారు. ఒకే తయారీదారు నుంచి వచ్చిన సరుకులోనే ఆ చిక్కంతా ఉన్నట్లు తర్వాత గుర్తించారు.

సెరటోనిన్ మాట వచ్చింది కాబట్టి తరచుగా వినిపించే ఒక పొరపాటు కూడా చెబుతాను. ఒంట్లోని సెరటోనిన్‌లో తొంభై శాతం పేగుల్లో తయారవుతుంది, అందువల్ల పేగు బాగుంటే మనసు బాగుంటుందని అంటారు. తొంభై శాతం అన్న లెక్క నిజమే. కానీ ఆ సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. మెదడు తనకు కావలసినది తానే తయారుచేసుకుంటుంది. అరటిపండులో సెరటోనిన్ ఉందన్న మాటకూ ఇదే జవాబు.

అశ్వగంధపై చిన్న ప్రయోగాలు కొన్ని ఒత్తిడికీ నిద్రకూ మేలని చూపించాయి, అయినా అది కొద్దిమందిలో కాలేయాన్ని దెబ్బతీసిన ఉదంతాలు ఉన్నాయి, థైరాయిడ్ హార్మోను స్థాయిని పెంచవచ్చు, గర్భిణులు వాడకూడదు. మీ థైరాయిడ్ ఫలితం తేలేదాకా వద్దు. కుంకుమపువ్వు సారం రోజుకు 30 మిల్లీగ్రాముల చొప్పున స్వల్ప కుంగుబాటుకు పనిచేసినట్లు చాలా చిన్న ప్రయోగాలు చెబుతున్నాయి; నాకు కొంత ఆశ కలిగించేది ఇదొక్కటే, పెద్ద ప్రయోగాలు రావలసి ఉంది.

మీ సాయంత్రపు ఆందోళనకు, నడిరాత్రి మెలకువకు మాత్రల్లో కాకుండా కప్పులో కారణం ఉండవచ్చని నా అనుమానం. రోజుకు నాలుగు కప్పుల కాఫీ, చివరిది సాయంత్రం అయిదింటికి అని మీరు మాటవరసకు రాశారు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి మామూలుగా సుమారు అయిదు గంటలు పడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఆ కాలం దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే అయిదింటి కప్పులోని కెఫీన్‌లో సగం తెల్లవారుజామున సుమారు మూడింటి వరకూ మీలోనే ఉంటుంది, మధ్యాహ్నం తాగినవి సాయంత్రానికి ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు వస్తాయి. అందుకని మొదటి వారం చివరి కప్పు, రెండో వారం దాని ముందుది తీసేసి, పొద్దున రెండు కప్పుల దగ్గర ఆగండి.

తిండి మొత్తంగా మారితే ఏమవుతుందన్నదానికి నాకు నచ్చిన ప్రయోగం ఆస్ట్రేలియాలో జరిగింది, 2017లో వెలువడింది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటు ఉన్న 67 మందిలో సగం మందికి ఆహార నిపుణులు పన్నెండు వారాలు సలహాలిచ్చారు. తక్కినవారికి అంతే సమయం కబుర్లతో తోడు ఇచ్చారు. కూరగాయలు, పండ్లు, ముడిధాన్యాలు, పప్పుధాన్యాలు, గింజలు, చేప, ఆలివ్ నూనె పెంచి, తీపి పదార్థాలు, వేపుళ్లు, శుద్ధిచేసిన పిండితో చేసిన వంటకాలు తగ్గించారు. మొదటి వర్గంలో 32 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు, రెండో వర్గంలో 8 శాతం. చిన్న ప్రయోగమే, తమది ఏ వర్గమో పాల్గొన్నవారికి తెలుసు కూడా, కాబట్టి అంకెను పట్టుకుని ప్రమాణం చేయను. వారిలో చాలామంది మందులో, మానసిక చికిత్సో కొనసాగిస్తూనే తిండి మార్చుకున్నారన్నది మీరు గమనించాలి. దిగులులో ఉన్న మనిషికి వండుకునే ఓపిక ఉండదని నాకు తెలుసు. అందుకే మొత్తం మార్చమని అడగను. రోజులో ఒక్క పూట, ప్రొటీను ఉన్న ఉదయపు ఆహారం వేళ తప్పకుండా తినడంతో మొదలుపెట్టండి, రెండు వారాల తర్వాత ఒక పూట పప్పుధాన్యాలు, ఆకుకూర చేర్చండి.

మీరు అడిగినదాంట్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది "మందుల జోలికి వెళ్లకుండా" అన్న మాట. ఎనిమిది నెలల దిగులు ఇప్పటికే చాలా ఎక్కువ. లోటు తేలి దాన్ని పూడ్చినా మనసు కుదుటపడటానికి వారాలు, నెలలు పట్టవచ్చు, ఆ లోపు మీరు ఒంటరిగా బరువు మోయనక్కరలేదు. పోషకాహారం, మానసిక చికిత్స, అవసరమైతే మందు, మూడూ ఒకేసారి నడవవచ్చు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా పరీక్షల కోసం ఆగకుండా అదే రోజు వైద్యులను కలవండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. కాళ్లలో బలహీనత, నడక తడబాటు, మూత్రం మీద అదుపు తప్పడం వస్తే అదీ అదే రోజు చూపించవలసిందే.

ఫలితాలు వచ్చాక ఏదైనా మొదలుపెట్టవలసి వస్తే ఒక్కొక్కటిగా మొదలుపెట్టండి, ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య కనీసం ఆరు వారాలు ఉంచండి, నిద్ర గంటలు, దిగులు, ఆందోళన, తిమ్మిరి అనే నాలుగింటికీ వారానికోసారి సున్నా నుంచి పది దాకా అంకె వేసుకోండి. బి12, ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్, బి6 అంకెలు చేతికి రాగానే, మొదలుపెట్టిన తేదీలతో పాటు ఇక్కడ రాయండి, మోతాదుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.